పెద్దవాడి వాటా

వేడి అన్నం అరిటాకు మీద పడగానే ఒక వాసన లేస్తుంది. పచ్చిగా, కాస్త వగరుగా, ఆకు కొంచెం ఉడికినట్టు ఉంటుంది. ఇన్నేళ్లుగా వడ్డనల మధ్యే బతుకుతున్నదాన్ని కాబట్టి మామూలు రోజుల్లో ఆ వాసన నా ముక్కుకు తెలియదు. ఇవాళ తెలిసింది. మా వంటశాల వెనక వసారాలో వంటమేస్త్రి పనివాళ్ల భోజనాలకు ఆకులు పరిచి అన్నం వడ్డిస్తున్నాడు. ఇటు ముందు గదిలో దుర్గ నా బల్ల మీద స్టోరు గది తాళంచెవి పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. ఆ వాసనా, ఆ తాళంచెవీ ఒక్కసారే ఎదురయ్యేసరికి నాకు ఈ పని నేర్పిన భాస్కరం గారు గుర్తొచ్చారు. గుర్తొచ్చారనడం కన్నా, గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నారనిపించింది అనడం నయం. తల దించుకున్నాను.

మాది రాజమండ్రిలో ఒక మోస్తరు కేటరింగు. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, సీమంతాలు, దినాలు అన్నీ చేస్తాం. దుర్గ మా దగ్గర వడ్డనలో చేరి, చురుకైన మనిషి కాబట్టి ఈ మధ్యనే సూపర్‌వైజరు అయింది. నిన్న కొవ్వూరులో ఒక పెద్దాయన దినం భోజనాలకు మొదటిసారి తన చేతికే బాధ్యతంతా ఇచ్చి పంపాను. వంట బాగా కుదిరింది, వడ్డన ఎక్కడా ఆగలేదు. కానీ భోంచేసి, చేతులు కడుక్కుని బయటికి వస్తున్న ప్రతి ఒక్కరికీ దుర్గా, తన వెంట వెళ్లిన వాళ్లూ వరసగా నిలబడి, చేతులు జోడించి, నిండుగా నవ్వుతూ "చాలా సంతోషమండి, మళ్లీ మళ్లీ రావాలండి" అన్నారు.

చావు జరిగిన ఇంటి నుంచి వెళ్లేవాళ్లు మా వైపు 'వెళ్లొస్తాం' అని కూడా అనరు. ఆ ఇంటివాళ్లు 'రండి' అనరు. మాట లేకుండా చెప్పులు వేసుకుని వెళ్లిపోవడమే అక్కడి మర్యాద. సాయంత్రం ఆ ఇంటి పెద్దకొడుకు నాకు ఫోన్ చేశాడు. అరిచి ఉంటే బాగుండేది. నెమ్మదిగా, "మీవాళ్లు అందర్నీ మళ్లీ రమ్మంటున్నారు. మళ్లీ మా ఇంట్లోంచి ఎవర్ని పంపమంటారండి?" అని అడిగాడు. నేను ఏదో అనబోయేలోపు పెట్టేశాడు. ఆ కోపంలో, ఆ సిగ్గులో నేను చేసిన పని ఏమిటంటే, మా పనివాళ్లందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో దుర్గ పేరు పెట్టి, బుర్ర ఉన్నవాళ్లెవరైనా దినం ఇంట్లో అలా అంటారా అని రాసి పడేశాను. కింద ముగ్గురు నలుగురు బొటనవేళ్లు పెట్టారు. దుర్గ ఏమీ పెట్టలేదు. పొద్దున్నే వచ్చి తాళంచెవి పెట్టింది. "ఇంకెవరికైనా ఇయ్యండి మేడం గారూ. నేను మామూలుగా వడ్డనలోకి వెళ్లిపోతానండి" అంది.

భాస్కరం గారిని చూడనివాళ్లకు ఆయన గురించి చెప్పాలంటే ముందు ఆయన చొక్కా గురించి చెప్పాలి. కోనసీమలో పుట్టి, వంటలు చేసుకుంటూ రాజమండ్రి వచ్చి స్థిరపడిన మనిషి. రోజంతా పొయ్యిల మధ్య తిరిగే వ్యాపారం. అయినా ఆయన లాల్చీ ఎప్పుడూ తెల్లగా, గంజి పెట్టి, మడత నలగకుండా ఉండేది. పొయ్యి దగ్గరికి వెళ్లేటప్పుడు దాన్ని విప్పి కొక్కేనికి తగిలించేవారు. బయటికి వచ్చేటప్పుడు చెమట తుడుచుకుని మళ్లీ తొడుక్కునేవారు. ఆ లాల్చీ లాగే మనిషి కూడా బిర్రుగా ఉండేవారు. ధర దగ్గర బేరమాడితే లేచి నిలబడి నమస్కారం పెట్టేవారు, అంటే ఇక వెళ్లమని. ఎమ్మెల్యే ఇంటి పెళ్లయినా, పక్కవీధి మేష్టారి ఇంట్లో అన్నప్రాసన అయినా అదే మాట, అదే పొగరు. ఆయన ఎవరి ముందైనా వంగుతారని నేను అనుకోలేదు. నేనే కాదు, ఊళ్లో ఎవరూ అనుకోలేదు.

ఆయన మా నాన్నకు పరిచయస్తుడు. డిగ్రీ అయి ఖాళీగా ఉన్న రోజుల్లో, ఫోన్లు ఎత్తి బుకింగులు రాసుకునే పనికి నన్ను రమ్మన్నారు. నేను కుర్చీ, బల్ల, ఫ్యాను ఉంటాయనుకుని ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్లాను. "ఫోన్లు తర్వాత. ముందు టెంపో ఎక్కు" అన్నారు. కడియంలో ఒక నర్సరీ వాళ్ల ఇంట్లో పెళ్లి. నాకు ఏ పనీ చెప్పలేదు. బంతి తర్వాత బంతి జనం కూర్చుని లేస్తున్నారు. నేను ఆకలితో గోడకు ఆనుకుని చూస్తున్నాను. అందరూ అయ్యాక, ఆఖరి బంతిలో, డ్రైవర్లూ సన్నాయి వాళ్లూ కూర్చున్న వరసలో నాకూ ఒక ఆకు వేయించారు. తిని లేచాక దగ్గరికి పిలిచారు.

"ఏమ్మా, ఏం తిన్నావు?"

"అన్నీ తిన్నానండి. చాలా బాగున్నాయండి."

"పనసపొట్టు కూర ఎలా ఉంది?"

"బాగుందండి."

"పనసపొట్టు కూర నీ బంతికి రాలేదు. అయిపోయి అరగంటైంది" అన్నారు. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన నవ్వలేదు. "నువ్వు మర్యాదకి బాగుందన్నావు. మన గోదావరోళ్లందరికీ ఉన్న జబ్బే అది. విషం పెట్టినా బాగుందండీ అనేసి చెయ్యి కడుక్కుంటారు. ఆ మర్యాద నమ్ముకున్నామా, మన పొయ్యి ఆరిపోతుంది. బాగుందన్న మాట వినకు. ఆకు చూడు. ఆకులో ఏం మిగిలిందో చూడు."

ఆయన దగ్గర చేరిన ప్రతి మనిషికీ మొదటి పాఠం అదే. వంటవాడైనా, లెక్కలు చూసేవాడైనా, నీళ్లు పోసేవాడైనా ముందు కొన్ని రోజులు ఆఖరి బంతిలో కూర్చుని తినాలి. మొదటి బంతి రుచి అందరికీ తెలుస్తుందనీ, ఆఖరి బంతి రుచి తెలిసినవాడి చేతికే గరిటె ఇవ్వాలనీ ఆయన నమ్మకం. ఆ తర్వాత వడ్డన నేర్పేవారు. ఆకు కొస తినేవాళ్ల ఎడమచేతి వైపుకు ఉండాలన్న దగ్గర్నుంచి మొదలుపెట్టేవారు. ముసలివాళ్లను 'కావాలా' అని అడగొద్దనేవారు. అడిగితే మొహమాటానికి వద్దంటారు, అందుకని వాళ్ల చెయ్యి ఎటు వెళ్తోందో చూసి అది వెయ్యాలి. ఇవన్నీ ఆయన కూర్చోబెట్టి చెప్పినవి కావు. పనిలో పక్కన నడుస్తూ, మోచేత్తో ఒక పోటు పొడిచి, కళ్లతో చూపించి నేర్పినవి. చూపించింది చూడకపోతే రెండోసారి కొంచెం గట్టిగా పొడిచేవారు.

నోరు మంచిది కాదు. అది దాచి ఆయన్ని దేవుణ్ణి చెయ్యను. కానీ ఆ నోటికి ఒక కట్టడి ఉండేది. జనం ఉన్నచోట తన మనిషిని పల్లెత్తు మాట అనేవారు కాదు. ఒకసారి వడ్డించేవాడొకడు పట్టుచీర కట్టుకున్నావిడ మీద సాంబారు ఒలికించాడు. ఆవిడ లేచి గొడవ. భాస్కరం గారు వచ్చి, అతన్ని తన వెనక్కి జరిపి, ఆ తిట్లన్నీ తాను తిన్నారు. అన్నీ అయ్యాక, గిన్నెలు కడిగి, అందరం టెంపో ఎక్కాక, అప్పుడు మొదలుపెట్టారు. రావులపాలెం నుంచి రాజమండ్రి దాకా ఆపలేదు. టెంపో దిగేసరికి ఆ మనిషి చెవులు ఎర్రబడిపోయాయి. కానీ మర్నాడు అదే సాంబారు బకెట్టు అతని చేతికే ఇచ్చారు. అదేమిటని నేను అడిగితే, "ఇవాళ వాడంత జాగ్రత్తగా ఇంకెవడు పట్టుకుంటాడు?" అన్నారు.

కొన్నాళ్లకు నన్ను బంతుల మీద పెట్టారు. అంటే ఎవరు ఎప్పుడు కూర్చోవాలో, వడ్డన ఎప్పుడు మొదలవ్వాలో చూసే పని. ఆడపిల్ల ఆ పని చెయ్యడం అప్పట్లో మా దగ్గర కొత్త. అమలాపురం అవతల ఒక పల్లెలో పెళ్లి, పగటి ముహూర్తం. దారిలో టెంపోలో ఆయన నాకు ఒకటే చెప్పారు. "మగపెళ్లివారిలో పెద్దాయన ఎవరో ముందు కనుక్కో. ఆయన వచ్చి మొదటి బంతిలో కూర్చున్నాకే నెయ్యి పడాలి. పెళ్లికూతురి తండ్రి చెప్పినా సరే, నువ్వు మొదలెట్టకు." దిగేటప్పుడు ఇంకోసారి చెప్పారు. నేను తలూపాను. అంత చిన్న విషయం రెండుసార్లు చెప్పాలా అని లోపల విసుక్కున్నాను కూడా.

మగపెళ్లివారి బస్సుల్లో ఒకటి దారిలో ఆగిపోయింది, వాళ్ల పెద్దాయన, అంటే పెళ్లికొడుకు పెదనాన్న, దాని దగ్గరే కారు ఆపుకుని ఉండిపోయాడు. తాళి కట్టడం అయిపోయింది. ఎండ నడినెత్తి మీదికి వచ్చింది. పిల్లలు ఏడుస్తున్నారు. పెళ్లికూతురి నాయనమ్మ షుగరు మనిషి, చేతులు వణుకుతున్నాయి. పెళ్లికూతురి తండ్రి నా దగ్గరికి వచ్చి, "కూర్చోబెట్టేయండమ్మా, పాపం ముసలివాళ్లు" అన్నాడు. నేను కూర్చోబెట్టేశాను. బూరెలు పడ్డాయి, పులిహోర పడింది, పప్పు మీద నెయ్యి పడింది. మొదటి బంతి వాళ్లు లేస్తూ, ఎంగిలాకులు మడుస్తూ ఉండగా పెళ్లికొడుకు పెదనాన్న పందిట్లోకి వచ్చాడు. ఆ ఆకుల వంక ఒక్కసారి చూశాడు. వెనక్కి తిరిగి వెళ్లి, రోడ్డు మీద కారులో కూర్చుని తలుపు వేసుకున్నాడు. ఆయన వెనకే మగపెళ్లివారు ఒక్కొక్కరే పందిరి దాటి బయటికి వెళ్లారు. పెళ్లికూతురి తండ్రి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ పిల్ల పీటల మీద తల వంచుకుని కూర్చుని ఉంది. అత్తవారింట్లో ఆ పిల్ల మొదటి రోజు నా చేతుల మీదుగా అలా మొదలైంది.

నేను వంటల దగ్గరికి పరుగెత్తాను. ఎలా చెప్పానో తెలియదు, చెప్పాను. భాస్కరం గారు గరిటె పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, కొక్కేనికున్న లాల్చీ తీసి తొడుక్కున్నారు. గుండీలన్నీ పెట్టుకున్నారు. "రా" అన్నారు. కారు దగ్గరికి వెళ్లేముందు ఒక్కటే చెప్పారు: "నువ్వు నోరు విప్పకు."

ఎండ మాడుస్తోంది. ఆయన కారు అద్దం ముందు చేతులు జోడించి నిలబడ్డారు. అద్దం దిగడానికి చాలాసేపు పట్టింది. దిగాక భాస్కరం గారు అన్న మాట ఇది.

"తప్పు నాదండి. ఈ అమ్మాయి కొత్త. ముందు మీరు కూర్చోవాలని ఈ అమ్మాయికి నేను చెప్పలేదండి."

"ఇన్నేళ్లుగా వంటలు చేయిస్తున్నావంట. ఆమాత్రం తెలీదా నీకు?" అన్నాడు పెదనాన్న.

"తెలియలేదండి."

"కూలికొచ్చినవాడికి కూడా తెలుస్తుందయ్యా."

"అవునండి."

నేను పక్కనే ఉన్నాను. నాకు చెప్పారండీ, రెండుసార్లు చెప్పారండీ, అని గొంతుదాకా వచ్చింది. ఆయన నా వైపు చూడకుండానే చేతివేళ్లు ఇలా కదిపారు, ఊరుకోమని. చెమట పట్టి ఆ తెల్లటి లాల్చీ వీపుకు అంటుకుపోయింది. గంజి మెత్తబడి భుజాల దగ్గర జారిపోయింది. నడుము వంచి అలాగే నిలబడ్డారు. చుట్టూ జనం పోగయ్యారు. ఊళ్లో ఎవరికీ తల వంచని మనిషి నా కోసం అలా నిలబడితే, నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. చివరికి ఆ పెద్దాయన దిగాడు. ఆయనకు కొత్త ఆకు వేసి, భాస్కరం గారే స్వయంగా వడ్డించారు. పెళ్లికూతురి తండ్రి ఊపిరి పీల్చుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు టెంపోలో తిట్లు మొదలవుతాయని కాచుకుని కూర్చున్నాను. మొదలవలేదు. కాసేపటికి నాకే ఏడుపొచ్చింది.

"నాకు చెప్పారు కదండీ బాబాయి గారూ. చెప్పలేదని ఎందుకన్నారండి?"

ఆయన కాలవ వైపు చూస్తూ, "చెప్పాను. చెప్పానని ఆయనతో అంటే ఏమవుతుంది? అరవడం నీ మీద అరుస్తాడు. అంతమందిలో నువ్వు ఒకసారి అరిపించుకుంటే, ఇంక బంతి ముందు నిలబడలేవు. నా మీద అరిస్తే నాకేంటి? సాయంత్రానికి మామూలైపోతాను" అన్నారు. మళ్లీ ఆయనే అన్నారు. "సిగ్గుపడ్డం కూడా ఒక పనేనమ్మా. పని అప్పగించినవాడి వాటా అది. వంటా, వడ్డనా పంచుకోవచ్చు. ఇది పంచకూడదు." ఆ తర్వాత, నేను కాచుకున్నట్టే, తిట్లు మొదలుపెట్టారు. ఇల్లు చేరేదాకా తిట్టారు. దిగేటప్పుడు మాత్రం, "ఎల్లుండి పెద్దాపురం పెళ్లికి మొదటి బంతి నువ్వే కూర్చోబెట్టాలి. ఎగ్గొట్టావంటే మీ ఇంటికొస్తాను" అన్నారు.

మర్నాడు ఏదో సామాను లెక్క కోసం వాళ్లింటికి వెళితే ఆయన భార్య తలుపు తీసింది. "ఏం జరిగిందమ్మా నిన్న? ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, మంచినీళ్లు తాగి లేచిపోయారు. అడిగితే ఆకలి లేదంటారు" అంది. సాయంత్రానికి మామూలైపోతానన్న మాట కూడా ఆయన నా కోసం ఆడిన అబద్ధమేనని ఆ గుమ్మంలో అర్థమైంది. పెద్దాపురం పెళ్లికి వెళ్లాను. మగపెళ్లివారి పెద్దను వెతికి పట్టుకుని, ఆయన భోజనానికి కూర్చునేదాకా నీడలా తిరిగాను. దూరం నుంచి భాస్కరం గారు చూస్తూనే ఉన్నారు, కానీ దగ్గరికి రాలేదు.

ఆయన దగ్గర పని నేర్చుకున్న వాళ్లం చాలామందిమి సొంతంగా పెట్టుకున్నాం. పెట్టుకుంటామని చెప్పినప్పుడు ఎవర్నీ వద్దనలేదు, పాత గుండిగలు ఇచ్చి పంపేవారు. మోకాళ్లు పోయాక వ్యాపారం మానేశారు. కొన్నేళ్ల కిందట పోయారు. ఆయన దినం భోజనాలకు వంటా వడ్డనా మేమే చేశాం, ఆయన దగ్గర పనిచేసినవాళ్లం. ఆ రోజు పందిట్లో మా మధ్య ఒక్క మాట లేదు. ఎందుకంటే అది కూడా ఆయన నేర్పిందే. దినం వడ్డనకు మొదటిసారి తీసుకెళ్లిన రోజున టెంపోలో మా అందరికీ చెప్పారు. "అక్కడ నోళ్లు కట్టేసుకోవాలి. నవ్వకూడదు. రమ్మనకూడదు, పొమ్మనకూడదు. చెయ్యి కడుక్కోడానికి నీళ్లు పొయ్యండి, అంతే." అంత స్పష్టంగా చెప్పిన మనిషి దగ్గర నేర్చుకున్న నేను, నా మనుషులకు నేర్పిందేమిటో ఇప్పుడు చెబుతాను.

వ్యాపారం కాస్త పెరిగాక నాకు లీడర్‌షిప్ మీద మోజు పుట్టింది. కాకినాడలో ఒక పెద్ద హోటల్లో చిన్న వ్యాపారుల కోసం శిక్షణ శిబిరం పెట్టారు. వెళ్లాను. ఏసీ గది, మెడలో కార్డు, తెర మీద బొమ్మలు. సిబ్బందిని తీర్చిదిద్దడం ఎలా అని ఒకాయన కోటు వేసుకుని చెప్పాడు. మంచి విషయాలే చెప్పాడు, ఆయన్ని అనడానికి లేదు. నేను వాటిని మోసుకొచ్చి మా గోడకు మేకు కొట్టినట్టు కొట్టాను. ఒక బోర్డు రాయించాను. మొదటి వాక్యం, ప్రతి అతిథికీ చిరునవ్వు. ఆఖరి వాక్యం, మళ్లీ రావాలండి. అందర్నీ వరసగా నిలబెట్టి సాధన చేయించాను. జీవితంలో ఎప్పుడూ నవ్వని మా మేస్త్రి అద్దం ముందు నవ్వు నేర్చుకుంటుంటే అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. అన్నవాళ్లకు పాయింట్లు, అననివాళ్లకు కోత అన్నాను. అందులో అందరికన్నా ముందుండేది దుర్గే. అది చూసే తనని సూపర్‌వైజర్ని చేశాను. ఆఖరి బంతిలో ఎవర్నీ కూర్చోబెట్టలేదు. టైము ఎక్కడిది? దినం ఇంట్లో ఆ బోర్డు పనికిరాదని ఎవరికీ చెప్పలేదు. తట్టనే లేదు.

తాళంచెవి వంక చూస్తుంటే ఇదంతా నా మనసులో తిరిగింది. దుర్గను అడిగాను.

"నీకు తెలియదా దుర్గా, దినం ఇంట్లో అలా అనకూడదని?"

"తెలుసండి. మా అమ్మ పోయినప్పుడు మా ఇంట్లోనూ ఎవరూ అన్లేదండి." కట్టుకున్న చేతులు విప్పింది. "అనాలా వద్దా అని నోటిదాకా వచ్చి ఆగిందండి. కానీ ఎక్కడైనా సరే అనాల్సిందేనన్నారు కదండీ మీరు. నేను మానేస్తే నా వెనకున్నవాళ్లందరూ మానేస్తారు. వాళ్లందరికీ పాయింట్లు పోతాయి కదండీ, అనేశానండి."

తెలిసిన సంగతిని తెలియనట్టు చేసేదాకా నేర్పానన్నమాట నేను. భాస్కరం గారు తెలియనివాళ్లకు తెలిసేలా చేశారు. నేను తెలిసినవాళ్ల నోట తప్పు పలికించి, ఆ తప్పుకు వాళ్లను నలుగురిలో నిలబెట్టాను. వాట్సాపులో నా మాట ఇంకా ఉంది, ఆ బొటనవేళ్లతో సహా. దాన్ని తీసేద్దామనుకుని ఫోను తీశాను. తీసేస్తే చూసినవాళ్లు మర్చిపోతారా? దాని కిందే, ఆ మాట అనమని నేర్పింది నేనేననీ, దుర్గది తప్పు కాదనీ రాశాను. ఈసారి బొటనవేళ్లు రాలేదు. లేచి, "పద, కొవ్వూరు వెళ్దాం" అన్నాను.

స్కూటీ మీద బ్రిడ్జి దాటుతున్నంతసేపూ ఆ ఒక్క వాక్యాన్నే లోపల అనుకుంటూ వచ్చాను. తప్పు నాదండి, ఈవిడకు నేను చెప్పలేదండి. ఏముంది అందులో? ఎనిమిదో తరగతి పిల్ల కూడా అప్పజెబుతుంది. ఆ ఇంటి ముందు పందిరి ఇంకా విప్పలేదు. పెద్దకొడుకు వసారాలో కుర్చీలు సర్దుతున్నాడు. నన్ను చూసి సర్దడం ఆపాడు. కూర్చోమనలేదు. లోపల గదిలో, తలుపు ఓరగా వేసి ఉన్నచోట, పెద్దావిడ ఒకరు మంచం మీద కూర్చుని ఉన్నారు. చనిపోయినాయన భార్య అయి ఉంటారు. నేను చేతులు జోడించాను. దుర్గ నా పక్కన నిలబడింది.

"తప్పు..." అన్నాను.

ఆ తర్వాత రావాల్సిన మాట రాలేదు. ఈయన కొవ్వూరులో పదిమందికి చెబుతాడే అన్న భయం వచ్చింది. ఇన్నాళ్లు నిలబెట్టుకున్న పేరు కళ్ల ముందు తిరిగింది. చెప్పొద్దూ, 'కొత్త మనిషి, క్షమించండి' అనే ఇంకో వాక్యం నాలుక మీద సిద్ధంగా ఉంది. నా తప్పును దుర్గ మీదికి ఇంత తీయగా తోసేసే వాక్యం. దాన్ని అననూ లేదు, అనాల్సింది అననూ లేదు. అలా నోరు తెరుచుకుని నిలబడ్డాను.

నా అవస్థ చూడలేక కాబోలు, దుర్గ ముందుకొచ్చింది. "మా మేడం గారు ముందే చెప్పారండి. ఇక్కడ మాట్లాడకూడదని రెండుసార్లు చెప్పారండి. నేనే మర్చిపోయానండి. నన్ననండి, ఆవిణ్ణి ఏమీ అనకండి."

రెండుసార్లన్న లెక్క ఎక్కడ దొరికిందో నాకు తెలియదు. భాస్కరం గారి సంగతి నేను దుర్గకు ఎప్పుడూ చెప్పలేదు. ఆయన మోసిన అబద్ధాన్ని తిరగేసి, ఈ మనిషి తన నెత్తిన పెట్టుకుంటోంది, నేను నిన్న నలుగురిలో పరువు తీసిన మనిషి.

"కాదండి" అన్నాను. ఈసారి మాట వచ్చింది, గరగరలాడుతూ వచ్చింది. "నేను చెప్పలేదండి. చెప్పకపోవడమే కాదు, ఎక్కడికి వెళ్లినా అలా అనమని నేర్పింది నేనే. అనకపోతే ఒప్పుకోనని కూడా అన్నాను. ఈవిడకు తెలుసు అనకూడదని. నా మాట విని అంది."

అతను చేతిలో కుర్చీ కింద పెట్టాడు. "మీరు నేర్పారా" అన్నాడు.

"నేనేనండి."

"మా అమ్మ నిన్నట్నుంచీ ఆ మాటే పట్టుకుని కూర్చుంది" అన్నాడు. అని లోపలికి చూశాడు. అతను మళ్లీ కుర్చీలు అందుకున్నాడు. "సరేనండి. చెప్పారు కదా." క్షమించానని అనలేదు. అనమని అడిగే మొహం నాకూ లేదు. అలవాటు కొద్దీ 'వెళ్లొస్తామండి' నోటి చివరిదాకా వచ్చింది. పళ్లతో నొక్కి పట్టుకున్నాను. ఇద్దరం చప్పుడు చెయ్యకుండా చెప్పులు వేసుకుని బయటికి నడిచాం.

వంటశాలకు వచ్చాక బల్ల మీది తాళంచెవి తీసి తన చేతికి ఇచ్చాను. "రేపటి సీమంతానికి నువ్వే వెళ్లాలి" అన్నాను. కాసేపు దాన్ని చేతిలో తిప్పుతూ నిలబడింది. తర్వాత కొంగున ముడివేసుకుంది. ఆ బోర్డు దింపించాను. దాని బదులు ఏం పెట్టాలో నాకింకా తెలియదు. రేపటి నుంచి మాత్రం అందరం ఆఖరి బంతిలో కూర్చుంటాం, నాతో సహా.

అమలాపురం ఎండలో భాస్కరం గారు అన్నది అబద్ధం. నాకు చెప్పి కూడా చెప్పలేదన్నారు, ఒక్క క్షణం తడుముకోకుండా అన్నారు. ఇవాళ నేను అనాల్సింది నిజం. అది నా నోటికి రావడానికి, పక్కనున్న మనిషి నా కోసం అబద్ధం ఆడాల్సి వచ్చింది. ఆయన దగ్గర అన్నీ నేర్చుకున్నాననే ఇన్నాళ్లు చెప్పుకుంటూ తిరిగాను.

మేస్త్రి నాకోసం ఒక ఆకు ఉంచాడు. పొద్దుటి అన్నం చల్లారిపోయిందని మళ్లీ వండాడట. నేను కూర్చోగానే వేడివేడిగా వడ్డించాడు. ఆ వాసన లేచింది. దుర్గను పక్క ఆకు ముందు కూర్చోబెట్టి, తను తినడం మొదలుపెట్టేదాకా చూశాను. నేను మంచినీళ్లు తాగి లేచాను. ఆకలి లేదా అని మేస్త్రి అడిగాడు. సాయంత్రానికి మామూలైపోతానని చెప్పాను.